సంతకం నేర్పి వదిలేశాం

నా దగ్గర ఒక పాత రిజిస్టరు ఉంది. అట్ట ఊడిపోయింది. లోపల ముప్ఫై పేర్లు, అన్నీ ఆడవాళ్ళవే. పేరు, భర్త పేరు, వయసు, హాజరు, ఫలితం అని గళ్ళు గీసి ఉన్నాయి. చివరి గడిలో ఇరవై ఏడు పేర్లకు ఎదురుగా ‘సాక్షరురాలు’ అనీ, మూడు పేర్లకు ఎదురుగా ‘మానేసింది’ అనీ రాసి ఉంది. ఆ రాత నాది. 1991లో నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో, మా ఊరి రామాలయం అరుగు మీద నడిచిన అక్షరదీపం వయోజన విద్యా కేంద్రానికి నేను వలంటీరుని. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు, డిగ్రీ చదువుతున్నాను.

ఆ ఇరవై ఏడింటిలో పదకొండు అబద్ధాలు. ఆ పదకొండు మందికి సంతకం వచ్చు, అంతకుమించి రాదు. సాక్షరత అంటే ఎంత రావాలో నాకు తెలియక రాసిన అబద్ధం కూడా కాదు. జాతీయ సాక్షరతా మిషన్ పెట్టిన కొలతలు శిక్షణలోనే మాకు చెప్పారు. తెలిసిన సంగతి మీద రాసిన చిన్న పాఠాన్ని నిమిషానికి 30 మాటల చొప్పున పైకి చదవాలి, మనసులో చదివితే 35. చూసి రాస్తే నిమిషానికి 7 మాటలు, ఎవరైనా చెప్తుంటే రాస్తే 5. వంద దాకా అంకెలు రావాలి. మూడంకెల కూడికలు, తీసివేతలు చెయ్యాలి. దీనికి మూడు వాచకాలు, సుమారు 200 గంటలు. నేను చెప్పింది అందులో సగం కూడా ఉండదు. శనక్కాయలు పీకే రోజులని కొన్నాళ్ళు, నా పరీక్షలని కొన్నాళ్ళు, లాంతరుకు కిరసనాయిలు రాలేదని కొన్నాళ్ళు మానేశాను. మూల్యాంకనం రోజున వాళ్ళ పక్కన కూర్చుని జవాబులు చెప్పాను. పైనుంచి వచ్చినాయన అది చూశాడు. చూసి, కాఫీ తాగి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. జిల్లాకు ఒక అంకె కావాలి, మండలానికి ఒక అంకె కావాలి, నాకు ఒక సర్టిఫికెట్ కావాలి. అందరికీ కావలసింది అందరికీ దొరికింది.

ఇదంతా నా ఒక్కడి తప్పని చెప్పుకుంటే నాకు తేలికే. కానీ నాలాంటి వాళ్ళం వేలమందిమి ఆ రోజుల్లో ఊరూరా తిరిగాం. జన విజ్ఞాన వేదిక వాళ్ళ కళాజాతాల వెంట పాటలు పాడుకుంటూ, నిజంగానే కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటూ తిరిగాం. ఆ ఉత్సాహం దొంగది కాదు. దాన్ని మేం ఎక్కడ వదిలేశామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కేంద్రం ఎక్కడ పెట్టామో ముందు చెప్పాలి. రామాలయం అరుగు మీద. ఊరి మధ్యన ఉంది, పైన కప్పు ఉంది, దీపం ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాం. దళితుల కాలనీ నుంచి ఒక్క ఆడమనిషీ రాలేదు. ‘వాళ్ళకు చదువు మీద ధ్యాస లేదు’ అని మండల సమావేశంలో నేనే చెప్పాను. ఆ అరుగు ఎక్కడానికి వాళ్ళకు ఏనాడైనా చోటు ఇచ్చామా అని నేను అడగలేదు, విన్నవాళ్ళలో ఎవరూ నన్ను అడగలేదు. కాలనీలో వేరే కేంద్రం పెట్టాలని రాసుకున్నాం. దానికి వలంటీరు దొరకలేదు. కాలనీలో పదో తరగతి దాకా చదివిన కుర్రాడు ఉన్నాడు, అతన్ని అడగాలని కూడా మాకు తోచలేదు. మొత్తం ఊరికి అక్షరం అని గోడల మీద సున్నంతో రాశాం. ఊరంటే మాకు సగం ఊరే కనబడింది.

అరుగు మీదికి వచ్చినవాళ్ళు రాత్రి ఎనిమిది దాటాక వచ్చేవాళ్ళు. పొద్దున్నుంచి చేలో వంగిన నడుములు. వంట చేసి, పెట్టి, గిన్నెలు కడిగి, చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చేవాళ్ళు. అందులో ఊరి వరసకు నాకు అత్త అయ్యే ఒకామె ఉండేది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బలపాన్ని కొడవలి పిడిలా గుప్పిటంతా బిగించి పట్టేది. పలక మీద గీత పడేటప్పుడు కీచుమని శబ్దం, బలపం విరిగేది. రోజుకు రెండు బలపాలు విరిచేది. ‘నీకు ఏం చదవాలనుంది అత్తా?’ అని శిక్షణలో చెప్పినట్టే అడిగాను. ‘బస్సు బోర్డు చదవాలబ్బయా. ఇది కావలి బస్సా, ఉదయగిరి బస్సా, వింజమూరు బస్సా అని అడిగితే కండక్టరు కసురుకుంటా ఉండాడు’ అంది.

రెండు నెలలకు ఆమెకు ‘కావలి’ వచ్చింది. క, వ, ల. ఒక దీర్ఘం, ఒక గుడి. పక్కనున్నవాళ్ళ పలకలన్నీ లాక్కుని అన్నింటి మీదా రాసింది. మర్నాడు రోడ్డు మీదికి పోయి, ఎక్కే పని లేకపోయినా బస్సు వచ్చేదాకా నిలబడి, బోర్డు చదువుకుని ఇంటికొచ్చింది. ఆ రాత్రి ఆ సంగతి చెప్తుంటే తక్కిన ఆడవాళ్ళు నవ్వలేదు. నిశ్శబ్దంగా విన్నారు. వయోజన విద్య ఎందుకని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ నిశ్శబ్దమే. ఒక మనిషి ఇంకొకరి దయ మీద ఆధారపడకుండా తన దారి తాను తెలుసుకోవడం అంటే ఏమిటో వాళ్ళందరికీ అర్థమైంది. నాకే సరిగ్గా అర్థం కాలేదు. ‘కావలి’ దగ్గర ఆమెను వదిలేశాను.

సాక్షరతా మిషన్ మాటల్లో ఇంకొకటి ఉంది. చదవడం, రాయడం, లెక్కలతో పాటు తమ లేమికి కారణాలేమిటో తెలుసుకోవడం, నలుగురూ సంఘంగా కలిసి ఆ లేమిని పోగొట్టుకునే పనికి పూనుకోవడం కూడా సాక్షరతలో భాగమేనని ఆ నిర్వచనంలోనే ఉంది. శిక్షణలో ఆ ముక్క దగ్గర మేమెవరం ఆగలేదు. నిమిషానికి ఎన్ని మాటలన్నదే నోట్సు రాసుకున్నాం.

మా జిల్లా ఆడవాళ్ళు ఆగారు. వాచకంలో సీతమ్మ కథ ఉండేది. సారా ఒక ఆడమనిషి బతుకును ఏం చేస్తుందో చెప్పే పాఠం. దాన్ని పాఠంలా చదివింది మేం. వాళ్ళు తమ ఇంటి సంగతిలా చదివారు. అప్పటికి ప్రభుత్వమే సారా అమ్మించిన వారుణి వాహిని పథకం పుణ్యమా అని సారా ప్యాకెట్లు ఊరూరికీ, వీధి వీధికీ వచ్చి పడుతున్నాయి. మంచినీళ్ళు రాని ఊరికి కూడా సారా వచ్చేది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ కబురు ఊరి నుంచి ఊరికి పాకింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డం కూర్చున్నారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రాత్రిబడి పలక నుంచి ప్రభుత్వ ఉత్తర్వు దాకా రెండేళ్ళు పట్టింది.

ఈ కథను మేం సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. నేను కూడా చాలా చోట్ల చెప్పాను. చెప్పనిది ఒకటుంది.

మా ఊరి ఆడవాళ్ళు ఒక రాత్రి పలకలు పక్కనపెట్టి, కలెక్టరుకు అర్జీ రాసిపెట్టమని నన్ను అడిగారు. మా మేనమామ సారా కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసేవాడు. రేపు రాస్తానన్నాను. మర్నాడు ఎల్లుండి అన్నాను. మూడో రోజు కేంద్రానికే పోలేదు. నాలుగో రోజు వాళ్ళే రాశారు. అరఠావు కాగితం, ఏడెనిమిది వరుసలు, పెన్సిలుతో. ‘సారాయి’ని ‘సారయి’ అని రాశారు, ‘కలెక్టరు’ను ‘కలెటరు’ అని రాశారు. కింద పదహారు సంతకాలు. కావలి అనే మాట తప్ప ఇంకేదీ చదవలేని మా అత్త సంతకం అన్నింటికన్నా పెద్దది. ఆ కాగితం వాళ్ళు నాకు చూపించారు, తప్పులుంటే దిద్దమని. నేను దిద్దలేదు. బాగానే ఉందన్నాను. నా చేతిరాత దాని మీద పడకూడదని భయపడ్డాను.

అంగడి మూతపడింది. నా ప్రమేయం లేకుండా మూతపడింది. ఆ తర్వాత నేను ఆ అరుగు మీద కూర్చుని వాళ్ళకు పాఠం చెప్పలేకపోయాను. కేంద్రం ఆగిపోవడానికి నిధులు రాలేదని రాశాం. అదీ నిజమే. కానీ వాళ్ళ చదువు మా ఇళ్ళ గుమ్మాల దాకా వచ్చేసరికి మాలో చాలామందికి దాని మీద ప్రేమ తగ్గిందన్నది ఎక్కడా రాయలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ రోజున అర్జీ రాసేందుకు మా ఊళ్ళో రాత్రిబడి లేదు.

తర్వాత నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణయ్యాను. 2011 జనాభా లెక్కల్లో ఎన్యూమరేటరుగా ఇల్లిల్లూ తిరిగాను. ఏదైనా ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులని నిబంధన. నేను గుమ్మంలో నిలబడి ‘సంతకం వచ్చా?’ అని అడిగాను. వచ్చంటే అక్షరాస్యుల గడిలో గుర్తు పెట్టాను. ఎండలో మూడు వందల గడపలు తిరగాలి, ఎవరు కాగితం ఇచ్చి చదవమంటారు? నాతో తిరిగినవాళ్ళలో ఎంతమంది అలాగే చేశారో నాకు తెలుసు, పేర్లు అనవసరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 1991లో 44 శాతం, 2001లో 60, 2011లో 67. ఆడవాళ్ళలో 1991లో 33 శాతానికి లోపు, 2011లో 59. ఈ పెరుగుదలలో పిల్లల బడుల వాటా ఎంతో, మా రాత్రిబడుల వాటా ఎంతో విడదీసి చూడకుండా మొత్తం మా ఖాతాలో వేసుకుని శాలువాలు కప్పుకున్నాం.

సంతకం ఒక్కటే నేర్పడం వల్ల నష్టం లేదు కదా, ఎంతో కొంత మేలే కదా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నష్టం ఉంది. వేలిముద్ర వేసే మనిషి కాగితం ముందు ఆగేది. ఇందులో ఏముందో చదివి చెప్పమని నలుగురినీ అడిగేది. అవతలివాడు కూడా సాక్షిని పెట్టేవాడు. సంతకం వచ్చాక ఆ ఆగడం పోయింది. సంతకం చేసే మనిషికి చదవడం వచ్చనే అందరూ అనుకుంటారు, రాదని చెప్పుకోవడం ఆమెకు సిగ్గు. సారా ఉద్యమం వెనకే మా జిల్లాలో పొదుపు లక్ష్మి పథకం వచ్చింది. రోజుకు రూపాయి దాచుకున్నారు. అది పొదుపు సంఘాలైంది, బ్యాంకు లింకేజీ అయింది, ఆ తర్వాత వారం వారం వసూళ్ళ సూక్ష్మరుణాలు ఊళ్ళోకి వచ్చాయి. తీర్మానాల పుస్తకం ఒకరు రాస్తారు, పదిమంది కింద సంతకాలు పెడతారు. వడ్డీ ఎంతో, అసలు ఎంతో, ఎవరి అప్పుకు ఎవరు పూచీయో పైన రాసి ఉంటుంది. 2010 నాటికి అప్పులు తీర్చలేక ఉరేసుకున్నవాళ్ళ వార్తలు పేపర్లలో వచ్చాయి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు పగ్గాలు వేయాల్సి వచ్చింది. ఆ కాగితాల కింద ఉన్న గుండ్రటి, పెద్ద పెద్ద అక్షరాల సంతకాలు ఎవరు నేర్పినవి? మేం నేర్పినవి. పైనున్న నాలుగు వరుసలు చదవడం నేర్పకుండా, కింద పేరు రాయడం నేర్పాం. ఆడవాళ్ళను మోసం చేసింది ఎవరన్న విచారణలో మా పేర్లు ఎప్పుడూ రాలేదు. రావలసింది.

2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్ మొదలైంది. ఊరికి ఒక వయోజన విద్యాకేంద్రం, ఇద్దరు సమన్వయకర్తలు, ఒక్కొక్కరికి నెలకు రెండు వేలు. ఆ రెండు వేలు నెలల తరబడి రాకపోతే ఉద్యోగులమైన మేం ఒక్కరోజు కూడా వాళ్ళ వైపున నిలబడలేదు. మా డీఏ బకాయిల కోసం మేం ధర్నాలు చేస్తున్న రోజులవి. ఏటా మార్చిలో, ఆగస్టులో పరీక్ష ఉండేది. చదవడానికి యాభై, రాయడానికి యాభై, లెక్కలకు యాభై మార్కులు. ఒక పరీక్షకు మా బడే కేంద్రం, నేనే ఇన్‌చార్జిని. అభ్యాసకులు చాలామంది కూలికి పోయారు. పేర్లు మాత్రం జాబితాలో ఉన్నాయి. ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని కూర్చోబెట్టి ఆ పేపర్లు రాయించాను. ఒక పిల్ల వాళ్ళమ్మ పేపరు వాళ్ళమ్మ పేరుతోనే రాసింది. రాసి, ‘సార్, మా అమ్మ పాసవుద్దా?’ అని అడిగింది. అవుతుందన్నాను. ఆ పిల్ల అక్షరాలు ఎంత అందంగా ఉంటాయో, చదువంటే అబద్ధం ఆడటమేనని అంత అందంగా ఆ పిల్లకు నేర్పాను. 2018 మార్చితో ఆ పథకం ముగిసింది. కేంద్రానికి ఇచ్చిన కుర్చీలు, బీరువా మా బడి స్టోర్‌రూములోకి వచ్చాయి.

ఇంకొకటి చెప్పాలి. ఆ పదహారు సంతకాల్లో చిన్నది, అప్పట్లో పద్దెనిమిదేళ్ళ కోడలుపిల్ల, అర్జీని చేత్తో రాసిన మనిషి, నలభై దాటాక ఒకరోజు బడికి వచ్చింది. దూరవిద్యలో పదో తరగతి కడతానంది. ‘ఈ వయసులో ఎందుకమ్మా? ఉద్యోగం వచ్చేదా పెట్టేదా?’ అన్నాను. ఆమె ఏమీ అనలేదు. చీర కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. అదే ఏడాది నా ప్రమోషన్ కోసం నేను దూరవిద్యలో పీజీ ఫీజు కట్టాను. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. బడి మొహం చూడనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి అది తెరిచింది. ఆ తలుపు ఎవరి కోసం తెరిచారో వాళ్ళను మేం గుమ్మం దగ్గరే ఆపాం. ఇంక్రిమెంటు వస్తేనే చదువు, లేకపోతే పొద్దుపోక అన్న బుద్ధి మాది. ఆమెకు ఉద్యోగం అక్కర్లేదు. ఒకనాడు తన రాతతో అంగడి మూయించిన మనిషికి, ఆ రాతతో ఇంకా ఏమేం చెయ్యొచ్చో తెలుసుకోవాలనిపించింది. ఇంతకు మించి పెద్ద కారణం చదువుకు ఏముంటుంది?

మన పెద్దలకు ఇది తెలుసు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య, కృష్ణా కాలువల్లో పడవల మీద పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణం, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్ళకు తక్కువ కాలంలో పరీక్షకు కూర్చునే కోర్సులు ఏర్పాటు చేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, వీళ్ళెవరూ పెద్దవాళ్ళ చదువును లెక్కల పుస్తకంలో ఒక గడిగా చూడలేదు. నేర్చుకున్న అక్షరం ఆరిపోకుండా చేతికి ఒక పుస్తకం అందించాలన్నారు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సుంకం మనం ఇప్పటికీ కడుతున్నాం. మీ ఊళ్ళో అది ఏ పుస్తకంగా మారిందో ఎప్పుడైనా అడిగారా? నేను అడగలేదు. ముప్ఫై ఏళ్ళు పన్ను కట్టి ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు ఉల్లాస్ అనే కొత్త వయోజన విద్యా పథకం వచ్చింది. 2022 నుంచి 2027 దాకా, దేశమంతటికీ 1,037 కోట్ల చిల్లర. పదిహేనేళ్ళు దాటిన వాళ్ళందరికీ. చెప్పేవాళ్ళకు జీతం లేదు, స్వచ్ఛందం. అభ్యాసకుల పేర్లు యాప్‌లో ఎక్కించాలి. కిందటేడు మా ఊరి పట్టిక నా చేతికి వచ్చింది, చదువురాని వాళ్ళ పేర్లతో. చదువుతుంటే ఒక్కో పేరూ ఎక్కడో చూసినట్టు అనిపించింది. అటక మీద నుంచి పాత రిజిస్టరు దించి పక్కన పెట్టుకున్నాను. ఏడు పేర్లు రెండింటిలోనూ ఉన్నాయి. ఆ రిజిస్టరులో సాక్షరురాళ్ళు, ఈ పట్టికలో నిరక్షరాస్యులు. మొదటి పేరు మా అత్తది.

ఆమె ఇంటికి పోయాను. అరవై ఎనిమిదేళ్ళు. పంచలో కూర్చుని చింతపండు గింజ తీస్తా ఉంది. పట్టిక చూపించి, మళ్ళీ మొదలుపెడదాం అత్తా అన్నాను. ‘లెక్కకా అబ్బయా, చదువుకా?’ అంది. కోపంగా అనలేదు. తెలుసుకోవాలనే అడిగింది.

సాక్షరతలో పనిచేసిన నా తోటివాళ్ళకు ఒక మాట. మీ అటకల మీదా ఇలాంటి రిజిస్టర్లు ఉంటాయి. దించండి. అందులో బతికున్నవాళ్ళ గడపలకు వెళ్ళండి, వెళ్ళి మనం రాసింది అబద్ధమని వాళ్ళతోనే చెప్పండి. ఈసారి కాలనీలో మొదలుపెట్టండి.

మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు మా బడి వరండాలో ఇప్పుడు అయిదుగురు కూర్చుంటున్నారు. వరండా మెట్లు ఎక్కడానికి అత్తకు చెయ్యి పట్టుకోవాలి. ముప్ఫై మూడేళ్ళయినా బస్సు మీద ‘కావలి’ చదువుతుంది. ‘వింజమూరు’ రాదు. ఆ పాఠం దాకా నేను తీసుకుపోలేదు.